శిథిల విమానము: స్వామ్య మెవరిది?

యుద్ధములు సంధిపత్రములతో ముగియును. యుద్ధసామగ్రి మాత్ర మంత సులభముగా ముగియదు. విడిచిపోయిన ట్యాంకులు, మునిఁగిన నావలు, కూలిన విమానములు తాము పడిన చోటనే దశాబ్దములు దాఁగియుండి, మఱియొక తరము వారి యెదుటఁ బ్రశ్నలై వెలికివచ్చును. అమెరికా వారి హవాయి ద్వీపములలోఁ బెర్లుహార్బరు రేవున, ఫోర్డు ద్వీపముపై నున్న వైమానిక ప్రదర్శనశాలలో నట్టి ప్రశ్న యొకటి నిలిచియున్నది. అది నాలుగు యంత్రములు గల బాంబరు విమానము. 1942లో న్యూగినీ ద్వీపమందలి పాపువా చిత్తడినేలలో దిగఁబడి, 64 సంవత్సరము లచ్చటనే పడియుండి, 2006లో వెలికిఁ దీయఁబడి, నాలుగేండ్లు రేవులో నిర్బంధమున నుండి, 2010లో సముద్రము దాఁటి, 2013లో నీ ప్రదర్శనశాలకుఁ జేరినది. దానిని నిర్మించిన దొక దేశము. అది పడియున్నది వేఱొక దేశము. దానిని లేవనెత్తినవాఁడు ప్రైవేటు వ్యక్తి. ఈ ముగ్గురిలో స్వామ్య మెవరిది?

ఇది విమానప్రియుల వినోదమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న యని తలంపరాదు. పరపాలన నుండి విముక్తి నొందిన ప్రతి దేశమును, తన నేలమీఁద పరులు విడిచిపోయిన వస్తువుల విషయమున నెప్పుడో యొకప్పు డీ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియే యుండును. సమాధానము సిద్ధముగా నున్న దేశము తన సొత్తును తాను నిలుపుకొనును, లేదా తన యిష్టానుసారముగా నిచ్చివేయును. సిద్ధముగా లేని దేశము మాత్రము పరులు నిర్ణయించిన వెలకు, పరులు నిర్ణయించిన దినమున దానిని వదలుకొనును. పాపువాలోఁ బడిన యీ విమానము చరిత్ర యందుకు నిదర్శనము. కాఁబట్టి మన పాఠకులు దానిని మొదటి నుండియు నెఱుఁగుట యవసరము.

1942 సంవత్సరారంభమున ప్రపంచస్థితి యెట్లుండెనో జ్ఞప్తికిఁ దెచ్చుకొందము. జనవరి 23వ తేదీన జపాను సేనలు న్యూబ్రిటన్ ద్వీపమందలి రబౌలు రేవును వశపఱచుకొనెను. ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయెను. ఏప్రిల్ 6న జపాను విమానములు మన విశాఖపట్టణము మీఁదను, కాకినాడ మీఁదను బాంబులు వైచెను. తూర్పుతీరమున నాఁటి కలవరమును మన పెద్దలు చెప్పఁగా విననివా రరుదు. రబౌలు చేజిక్కుటతో దక్షిణ పసిఫిక్కున జపానువారికి ప్రధాన స్థావర మేర్పడెను. ఆస్ట్రేలియాకుఁ బ్రమాదము గుమ్మము వఱకు వచ్చెను. దానిని నివారింపఁగల బలము నాఁ డమెరికా వారికడ స్వల్పముగా నుండెను. ఉన్న కొలఁది విమానములతోనే రబౌలుపై దాడి చేయవలసి వచ్చెను.

అట్టి కొలఁది విమానములలో నొకటి యీ బాంబరు. సియాటిల్ నగరమందలి బోయింగ్ సంస్థవారు రూపొందించిన బి-17 జాతి విమానములు యుద్ధాంతము నాఁటికి మొత్తము 12,731. అందు ‘ఇ’ తరగతికిఁ జేరినవి 512 మాత్రమే. వీనిని ‘ఎగిరెడు కోట’ లని వ్యవహరించెడివారు. రెక్కల కొన నుండి కొనకు 103 అడుగుల వెడల్పు, చుట్టును మరతుపాకులు గల యీ విమానముల కా పేరు తగినదే. మన కథలోని విమానము 1941 డిసెంబరులో హవాయికిఁ జేరి, పెర్లుహార్బరు దాడి జరిగిన పిదప నా సముద్రముపైఁ గావలి తిరిగి, 1942 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాకుఁ బంపఁబడెను.

ఫిబ్రవరి 22వ తేదీ రాత్రి ఆస్ట్రేలియా యీశాన్యతీరమునఁ గల టౌన్స్‌విల్ నుండి బయలుదేఱిన యీ విమానము మఱునాఁటి యుదయమునకు వేయి మైళ్లకుఁ బైఁబడిన దూరమునఁ గల రబౌలును జేరెను. కెప్టెన్ ఫ్రెడ్ ఈటన్ దాని చోదకుఁడు. మొదటి పర్యాయము బాంబులు జాఱలేదు. వెనుదిరుగక యీటన్ రెండవ పర్యాయము లక్ష్యముపైకి మరలెను. అంతలో భూమినుండి కాల్చిన ఫిరంగిగుం డొకటి కుడిరెక్కను తూఁట్లు పొడిచి, పేలకయే పైకిఁ బోయెను. జపాను వారి పోరాటవిమానములు చుట్టుముట్టెను. ఇంధనము కాఱిపోయెను. పోర్టుమోర్స్‌బీ చేరుటకుఁ బర్వతశ్రేణిని దాఁటవలెను, దాఁటుట కింధనము చాలదు. క్రింద పచ్చని సమతలమైన గడ్డినేల కనఁబడెను. ఈటన్ అందు దిగెను. అది గడ్డినేల కాదు. ఎత్తైన గడ్డిక్రింద నీరు నిలిచిన అగయాంబో చిత్తడినేల. తొమ్మండుగురు సిబ్బందిలో నెవ్వరును మరణింపలేదు.

అచ్చటి నుండి వారిని బ్రతికించిన దెవరు? ఇది ముఖ్యమైన విషయము. నడుములోఁతు నీటిలో గడ్డిని ద్రొక్కుకొనుచు, జ్వరముతోఁ గ్రుంగుచు నడచిన యా తొమ్మండుగురికి మొదట నెదురుపడినవారు స్థానిక గ్రామస్థులు. వారే వీరిని తమ పల్లెకుఁ గొనిపోయి, తమకున్న తిండి పెట్టి, పడవలలోఁ జేర్చి, ముందుకు సాగనంపిరి. ఆస్ట్రేలియా ప్రభుత్వోద్యోగి సాయము తరువాత లభించెను. ఐదు వారములు గడచిన పిమ్మట, ఏప్రిల్ 1న వారు పోర్టుమోర్స్‌బీ చేరి మరల యుద్ధమునఁ బాల్గొనిరి. కెప్టెన్ ఈటన్ పేరు గ్రంథముల కెక్కినది. పడవ నడపిన పల్లెవాని పేరు లోకము తెలిసికొనలేదు. ఈ యసమానత యీ కథ యంతటను వెన్నంటి వచ్చుచునే యుండును.

ఆ గ్రామస్థు లీ యుద్ధమును కోరినవారు కారు. పాపువా నాఁడు ఆస్ట్రేలియా పాలనలో నుండెను. జపానుతోఁ బోరవలెనా, వలదా యని వారి నడిగిన వారు లేరు. మన కిది క్రొత్త కాదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు భారతీయుల నొక్క మాటయైన నడుగకయే భారతదేశము యుద్ధమున నున్నదని ప్రకటింపఁగా, నా యేఁటనే కాంగ్రెసు మంత్రివర్గములు పదవులు విడిచెను. మన కాపాటి నిరసన తెలుపుటకైనను వేదిక లుండెను. పాపువావారి కది కూడ లేదు. 1942 జూలైలో జపాను సేనలు దిగిన బూనా, గోనా తీరములును, ఘోరపోరాటము జరిగిన కొకోడా మార్గమందలి యుత్తరభాగమును నేఁటి ఓరో రాష్ట్రములోనివే. ఈ విమానము పడియున్నదియు నా రాష్ట్రముననే. అచ్చటి జనులు వేలకొలఁదిగా బరువులు మోసిరి, గాయపడినవారిని మోసిరి. వారి తోఁటలు పాడయ్యెను.

విమానము మాత్రము పడినచోటనే యుండెను. మంచినీటి చిత్తడి యగుటచే నుప్పుగాలి తినివేయలేదు. జనసంచారము లేకుండుటచేఁ జేతు లంటలేదు. 1972లో ఆస్ట్రేలియా వైమానికదళమువారు విన్యాసముల సందర్భమున నాకాశము నుండి దానిని చూచి దిగి పరిశీలింపఁగా, మరతుపాకులు తమతమ స్థానములలోనే యున్నవి. నాఁటి నుండి దానికి ‘చిత్తడి భూత’ మను పేరు ప్రపంచమున వ్యాపించెను. పేరు వ్యాపించుటయే దానికిఁ గీడు మూడుట. చూడవచ్చినవారు రిక్తహస్తములతోఁ బోలేదు. ఒక రొక పరికరమును, మఱియొకరు మఱియొక భాగమును జ్ఞాపకార్థమని యూడఁదీసికొని పోయిరి. ముప్పది సంవత్సరముల యజ్ఞాతవాసము చేయని నష్టమును తరువాతి ముప్పది సంవత్సరముల ప్రఖ్యాతి చేసెను.

ఇంతలోఁ బాపువా న్యూగినీ 1975 సెప్టెంబరు 16న స్వతంత్రదేశ మయ్యెను. యుద్ధకాలమున విడువఁబడిన సామగ్రి యంతయు ప్రభుత్వపు సొత్తని యా దేశపు చట్టము చెప్పుచున్నది. దాని సంరక్షణభారము జాతీయ ప్రదర్శనశాలపై నుంచఁబడెను. చట్ట మున్నది, శాల యున్నది. కాని యా దేశమున వందలకొలఁది విమానశిథిలము లడవులలోను, కొండలలోను, సముద్రగర్భమునను జెల్లాచెదరై యున్నవి. వానిని వెదకుటకు, లెక్కించుటకు, కాపాడుటకు వలయు ధన మెచ్చట? పాఠశాలలకును, వైద్యశాలలకును జాలని ఖజానా నుండి తుప్పుపట్టిన విమానములకు ధన మిమ్మని యడుగఁ గల మంత్రి యెవఁడు? ఇట్టి సందర్భముననే ధనవంతులైన విదేశీయ సేకర్తలు తలుపు తట్టుదురు.

అమెరికా దేశస్థుఁడైన ఆల్‌ఫ్రెడ్ హేగన్ అను భవననిర్మాణ వ్యాపారి యీ విమానమును వెలికిఁదీయుటకు సంకల్పించెను. జాతీయ ప్రదర్శనశాలతో నొడంబడిక కుదిరెను. అందుకు లక్ష డాలర్ల మూల్యము నిర్ణయమయ్యెను. 2006వ సంవత్సరమున నాతని పనివారు చిత్తడిలో దిగి, రెక్కలను, యంత్రములను, తోఁకను మొండెము నుండి విడఁదీసి, భారమెత్తెడి హెలికాప్టరుతో నొక్కొక్క ఖండమును తీరమందలి బల్లకట్టునకుఁ జేర్చి, అటనుండి లే రేవునకుఁ గొనిపోయిరి. సాంకేతికదృష్టితోఁ జూచిన నిది సామాన్యమైన కార్యము కాదు. నీటిలో నిలుచుండి, వేఁడిమికిని దోమలకును నోర్చి, అఱువదేండ్లుగా బిగిసిన మరలను విఱుగకుండ విప్పుటకు నేర్పును, ఓర్పును గావలెను. ఆ ప్రశంస వారి కీయవలసినదే.

కాని నేర్పు వేఱు, హక్కు వేఱు. భూమి మాది, నీరు మాది, అందుఁ బడిన వస్తువును మా తాతలనాఁటి నుండి మేము చూచుచుంటిమి, మా కేమి దక్కునని చిత్తడిచుట్టునున్న పల్లెలవా రడిగిరి. విమానము కదలిపోయిన పిమ్మట చూడవచ్చువారెవరు, మా ప్రాంతమునకు రాఁబడి యెక్కడిదని స్థానికు లడిగిరి. పార్లమెంటు వారి ప్రభుత్వగణనల సంఘము విచారణకుఁ బూనుకొని, యొడంబడిక చట్టానుసారముగా జరుగలేదని యాక్షేపించి, విమానమును దేశము దాఁటింపరాదని కోరెను. తత్ఫలితముగా ఖండఖండములుగానున్న యా విమానము లే రేవుననే నిలిచిపోయెను. ఒక సంవత్సరము కాదు, రెండు కాదు, నాలుగు సంవత్సరములకు సమీపముగా ఎండకు, వానకు, ఉప్పుగాలికి నచ్చట నుండెను. చిత్తడి కాపాడినదానిని రేవు కాపాడఁగలదా?

లే పట్టణము పేరు విన్నప్పుడు మన కొక విషయము స్ఫురింపవలెను. ఆ పట్టణమందలి యుద్ధశ్మశానమున భారతీయ సైనికుల సమాధు లున్నవి. మలయా, సింగపూరు, హాంగ్‌కాంగ్ ప్రాంతముల లొంగుబాటునఁ బట్టుపడిన మనవారిలో వేలమందిని జపానువారు న్యూగినీకిని, న్యూబ్రిటన్‌కును గొనిపోయి రేవులలోను, విమానాశ్రయములలోను వెట్టిచాకిరి చేయించిరి. ఆఁకలిచేతను, వ్యాధులచేతను, క్రౌర్యముచేతను, మిత్రపక్షముల బాంబులచేతను వారిలోఁ బెక్కండ్రు మరలి రాలేదు. అమెరికను బాంబరు రబౌలుపైఁ బోయినదని చదువునపు డా రబౌలుననే తరువాతి సంవత్సరములలో మన బందీలు గుంతలు త్రవ్వుచుండి రని జ్ఞప్తి యుంచుకొనవలెను. ఆ విమానముకొఱకు న్యాయవాదులును, మంత్రులును, ధనికులును నాలుగేండ్లు వాదులాడిరి. ఆ పట్టణముననే పరుండియున్న మనవారిని గూర్చి మన పాఠశాలలలో నొక్క పాఠమైనను లేదు. శిథిలలోహమున కున్న యాదరము మనుష్యుల యస్థికలకు లేకపోవుట విచారకరము.

తుద కేమయ్యెను? ప్రభుత్వము పట్టు సడలించెను. 2010లో విమానమునకు దేశము దాఁట ననుమతి లభించి, అది కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ రేవునకుఁ జేరెను. అచ్చట సిబ్బంది బంధువులు దానిని తాఁకి చూచి కన్నీరు విడిచిరి. 2013లో పెర్లుహార్బరు ప్రదర్శనశాలకుఁ జేరెను. 1941 డిసెంబరులో నే ద్వీపము నుండి కావలి తిరిగెనో యా ద్వీపమునకే 72వ సంవత్సరమున మరలివచ్చెను. దానిని క్రొత్తదానివలె మెఱుఁగు పెట్టక, తూఁట్లతోడను, వంకరలతోడను ప్రజలకుఁ జూపుచున్నారు. చక్కని పని. ఆ తూఁట్లే దాని చరిత్ర.

విమానమును గొనిపోయినవారి పక్షమునఁ జెప్పవలసిన మాటలు లేకపోలేదు. వానిని దాఁచుట న్యాయము కాదు. ఆ విమానము చిత్తడిలోనే యుండిన, దోఁచుకొనువారి చేతులలో నది యస్థిపంజర మగుట తథ్యము. లోకమున మిగిలిన బి-17 విమానములు ఏఁబదికి మించవు. అందు యుద్ధములో దెబ్బతిని, ఆ దెబ్బలు మాన్పఁబడక నిలిచినవి బహుస్వల్పము. దానిని నిలుపుటకు వలయు కప్పు, ధనము, నిపుణులు పాపువాలో నాఁడు లేరు. అమెరికా వైమానికదళము 1961 నవంబరునకు పూర్వము కూలిన తన విమానములను విడిచిపెట్టినవిగానే భావించుచున్నది కావున, నిర్మించిన రాజ్య మడ్డుతగులలేదు. ఆ దేశపు నౌకాదళమువారి విధానము దీనికి విరుద్ధము. ఎన్ని యేండ్లు గడచినను తమ విమానము తమదే యని వారు పట్టుపట్టుదురు. ఒక దేశములోనే రెండు దళముల కిట్లు రెండు ధర్మము లుండఁగా, న్యాయ మిదమిత్థమని తేల్చుట సులభము కాదు.

అయినను జరిగినదంతయు సరియే యని యొప్పుకొనుటకు వలనుపడదు. విమానము తరలిపోవుట దోషము కాదు. తరలించు విధానమునందే దోష మున్నది. అమ్ముటకుఁ దనకు హక్కున్నదో లేదో పార్లమెంటు తేల్పకముందే ప్రదర్శనశాల యొడంబడికకు వచ్చెను. ఆ చిత్తడిచుట్టు నివసించువారిని ముందుగాఁ గూర్చుండఁబెట్టి మాటాడకయే పని యారంభమయ్యెను. వారు తరువాత నడిగినపుడు, ధనము కొఱకు దారి కాచినవారని లోకమునకుఁ గనఁబడిరి. ముందుగా నడిగియుండిన వారే సాక్షులు, సంరక్షకులు నై యుందురు. ఆలస్యముగా నడుగఁబడిన హక్కు యాచనవలెఁ గనఁబడును. ముందుగా నిర్ణయింపఁబడిన యాచన సైతము హక్కువలె గౌరవింపఁబడును. పరపాలిత దేశముల చరిత్ర యంతయు నీ రెండు వాక్యములలో నిమిడియున్నది.

ఇతర దేశములలో నిట్టి శిథిలముల గతి యెట్లయ్యెనో చూతము. ఇంగ్లండు ఆగ్నేయతీరమున గుడ్విన్ ఇసుకదిబ్బలలో 1940 ఆగస్టున మునిఁగిన జర్మను డోర్నియర్-17 బాంబరును 2013 జూన్‌లో వెలికిఁదీసి, కాస్‌ఫర్డ్‌నఁ గల రాయల్ ఎయిర్‌ఫోర్సు ప్రదర్శనశాలకుఁ జేర్చి, నిమ్మజాతి యామ్లముఁ గలిపిన నీటిని తుంపరలుగాఁ జల్లుచు లవణమును తొలఁగించిరి. శత్రువిమానమైనను, ఆ జాతిలో మిగిలిన దదియే యగుటచే నంత శ్రద్ధ వహించిరి. బెల్జియములో 1944 మేలో కూలి, బురదలోఁ గూరుకొనిన హాలిఫాక్సు బాంబరును 1997లో త్రవ్వితీయఁగా, నందు మువ్వురు కెనడా వైమానికుల యస్థికలు లభించెను. వారిని జేరాల్డ్స్‌బెర్గెన్ పట్టణమున సైనికమర్యాదలతో సమాధి చేసిరి. విమానపు లోహములోఁ గొంత కరఁగించి, 2012లో లండనున నెలకొల్పిన బాంబరు సైనికుల స్మారకమందిరపుఁ గప్పునకు వినియోగించిరి.

దీనికి వ్యతిరేకమైన గతియు లేకపోలేదు. గ్రీన్‌లాండు మంచుమీఁద 1947లో దిగి చెడకయుండిన యొక బి-29 బాంబరును తిరిగి యెగిరింపఁదలఁచి కొంద రమెరికనులు రెండు వేసవులు శ్రమించిరి. 1995 మేలో అది పరుగు తీయఁబోవు సమయమున లోపల నిప్పంటుకొని భస్మమయ్యెను. దాదాపు ఏఁబది సంవత్సరములు మంచు భద్రపఱచినదానిని మనుష్యుని యాతురత యొక్క దినమున నాశన మొనర్చెను. ఈ మూఁడు దృష్టాంతములను కలిపి చూచిన నొక విషయము స్పష్టమగును. ఎందుకు తీయుచున్నామో యెఱిఁగి తీసినచోట శిథిలము స్మారకమైనది. తీయుటయే పరమార్థ మని తలఁచినచోట మిగిలినదియుఁ బోయినది.

మన దేశమునకు వత్తము. యుద్ధము ముగియఁగానే కాన్పూరులో లిబరేటరు బాంబరు లనేకము గుట్టలుగాఁ బడియుండెను. అమెరికా వారు బ్రిటిషువారి కెరువిచ్చిన సామగ్రి యగుటచే వానిని తిరిగి యీయవలెను, లేదా పనికిరాకుండఁ జేయవలెను. పనికిరాకుండఁ జేసి వెళ్లిరి. స్వతంత్ర భారతమునకు 1948 నాఁటికి భారీబాంబరులు లేవు, కొనుటకు ధనము స్వల్పము. అపుడు హిందూస్థాన్ విమాన కర్మాగారపు టింజనీరు లా గుట్టలలో దిగి, ఒకదాని తోఁకను, వేఱొకదాని యంత్రమును గూర్చి, తాత్కాలికముగా నెగురునట్లు చేసి బెంగుళూరుకు నడిపించి, అచ్చట సంపూర్ణముగా బాగుచేసిరి. ఇట్లు సుమారు నలువది విమానములు పునర్జన్మ మెత్తెను. 1948 నవంబరులో మన వైమానికదళపు 5వ స్క్వాడ్రను వీనితోనే యేర్పడెను. 1968 వఱకు నవి మన సేవలో నుండెను.

ఆ పిదప? బ్రిటను, కెనడా, అమెరికా దేశముల ప్రదర్శనశాలలు తమ దేశములలో లిబరేటరులు తుక్కుక్రింద నమ్ముడు పోయినవని గ్రహించి, భారతదేశమువైపు చూచెను. మన ప్రభుత్వము కొన్నింటి నిచ్చెను. నేఁ డా దేశముల శాలలలో నిలిచిన లిబరేటరులలోఁ గొన్ని మన కార్మికుల చేతులమీఁదుగా బ్రతికినవే. ఇచ్చుట తప్పు కాదు. ఉదారముగా నిచ్చితిమి. కాని చూడవచ్చినవారికి, దీనిని శత్రువులు కాదు, మిత్రులే పాడుచేసి పోయిరి, భారతీయులు బాగుచేసిరి యను కథ తెలిసినదా? ఆ కథను వ్రాయవలసినది మనము. వస్తువు నిచ్చునపుడు దాని కథనుగూడ పత్రముమీఁద వ్రాయించి యీయవలె నను పాఠము నాఁడు మనకుఁ దట్టలేదు.

నేఁ డీ ప్రశ్న మన యీశాన్య సరిహద్దున సజీవముగా నున్నది. యుద్ధకాలమున అస్సాము నుండి చీనాకుఁ బర్వతములమీఁదుగా సామగ్రి మోసిన విమానములలో వందలకొలఁది కూలెను. వానిలోఁ గొన్ని నేఁటి అరుణాచల ప్రదేశపుటడవులలో నున్నవి. వానిని మొదట చూచినవారు వేఁటకుఁ బోయిన గిరిజనులే. 2016లో నచ్చట దొరకిన యమెరికను సైనికుల యస్థికలను మన ప్రభుత్వము గౌరవముతో స్వదేశమునకుఁ బంపెను. అది ధర్మము. 2023 నవంబరులో పాసీఘాటునందు, ఆ విమానమార్గమునకు సంబంధించిన ప్రదర్శనశాల తెఱవఁబడెను. కొండలలో లభించిన విమానభాగములను అచ్చటి ప్రజలే తమ గడ్డమీఁద చూపుచున్నారు. అస్థికలు బంధువులకు, వస్తువులు స్థలమునకు నను నీ పద్ధతి పాపువా వివాదమునకంటె నెన్నియో రెట్లు మేలైనది.

కాని చట్టమున లోప మున్నది. 1972 నాఁటి పురావస్తు చట్టము ప్రకారము సాధారణముగా నూఱేండ్లు నిండని వస్తువు పురావస్తువు కాదు. కావున 1942లో పడిన విమానము 2042 వఱకు నా చట్టపు రక్షణకు నోచుకొనదు. అప్పటి కందేమి మిగులును? అల్యూమినియము తుక్కు వ్యాపారి నూఱేండ్లు వేచియుండఁడు. గిరిజనుఁడు విమానపు రేకుతో నింటికప్పు వేసికొనిన నతనిని నిందింపఁ బనిలేదు. దానికింతకంటె విలువ గలదని యతనికిఁ జెప్పినవారు లేరు. నిందింపవలసినది చెప్పవలసియుండియుఁ జెప్పని వారిని.

కావున మూఁడు కార్యము లవశ్యకర్తవ్యములు. మొదటిది పట్టిక. యుద్ధకాలపు శిథిలము లెచ్చట నేమున్నవో, ఎవరి భూమిలో నున్నవో వ్రాసియుంచవలెను. లెక్క లేని సొత్తు సొత్తు కాదని భూస్వాములకు వేఱుగఁ జెప్పఁబనిలేదు. సరిహద్దురాయి పాఁతని పొలమునకు వ్యాజ్యము తప్పదు. రెండవది సమ్మతి. వస్తువు కదలకముందే, అది పడియున్న గ్రామమును సంప్రతించి, వారి భాగమును నిర్ణయించి, శాసనసభ యెదుట నుంచవలెను. రహస్యమైన యొడంబడిక న్యాయమైనదే యైనను అన్యాయమువలెఁ దోఁచును. మూఁడవది కథ. వస్తు వెచ్చటికిఁ బోయినను, దాని ప్రక్క నుంచెడి ఫలకముమీఁద దానిని నడపినవానితోఁబాటు దానిని కాచిన జనుల యూరును, పేరును వ్రాయవలె నను నిబంధన యుండవలెను. ఇందుకు ధనము పెద్దగా నక్కఱలేదు. శ్రద్ధ కావలెను.

పెర్లుహార్బరులోని యా విమానమును పాపువాకు మరల పంపవలెనని మే మనుటలేదు. పంపిన నుంచుకొనుటకుఁ జోటు లేనప్పు డట్టి న్యాయము మాటవఱకే మిగులును. కాని తొమ్మండుగురు వైమానికులను ప్రాణములతో నొడ్డునకుఁ జేర్చినవారి సంతతివారికి, తమ తాతల చిత్తడినేల నుండి పోయిన వస్తువును గూర్చి మాట చెప్పెడి హక్కు మొదటిదిగా నుండవలసినది కడపటి దయ్యెను. లక్ష డాలర్లు చెల్లించినంతమాత్రమున నా ఋణము తీఱదు. విమానమునకు స్వామ్య మెవరిదైనను, దాని చరిత్రలో భాగము వారిది. ఆ భాగమును ముందుగా నొప్పుకొన్న దేశమే తన శిథిలములను నిజముగాఁ దనవిగాఁ జేసికొనఁగలదు. అరుణాచలపుటడవులలో నింకను లెక్కకు రాని రెక్క లనేకము పడియున్నవి. వానికి వెల కట్టువారు రాకమునుపే వాని లెక్క మనచేత నుండుఁగాక.